ఎండకు ఆగి సాయంత్రానికి స్టార్టయ్యే పాత హోండా సిటీ: మళ్లీ పంపు మార్చకండి, ముందు కరెంటు చూడండి

ప్రశ్న: మాది 2002 మోడల్ హోండా సిటీ 1.5, పెట్రోల్. కొన్నేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. పొద్దున పూట ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. మధ్యాహ్నం ఎండలో ఓ గంట నిలిపితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ అందుకోదు. ఒకసారి హైదరాబాద్ వెళ్తూ సూర్యాపేట దాటాక టీ తాగడానికి ఆగాం, మళ్లీ బయల్దేరబోతే స్టార్ట్ కాలేదు. టోచన్ కట్టించి షెడ్డుకు చేర్చేసరికి చీకటి పడింది, అక్కడ తాళం తిప్పగానే మామూలుగా స్టార్టయింది. మెకానిక్ ఫ్యూయల్ పంపు, ఫిల్టర్ మార్చాడు. రెండు వారాలు బాగుంది, మళ్లీ అదే వరస. ఇప్పుడేమో ఈసీఎమ్ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నారు. పాత ఓనరు పెట్టించిన రిమోట్ అలారం కూడా ఉంది, అది ఇప్పుడు పనిచేయదు. నెలకోసారి అమ్మను హైదరాబాద్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈసీఎమ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దానికి డబ్బు కట్టకండి, సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి పెడతామన్నా ఒప్పుకోకండి. మీరు రాసిన దాంట్లోనే సగం సమాధానం ఉంది: చల్లబడగానే ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే స్టార్టయింది. వేడికి విడిపోయి చల్లబడ్డాక మళ్లీ అతుక్కునే జాయింటు ఒకటి ఆ కారులో ఎక్కడో ఉంది. అది ఎక్కడుందో తెలియాలంటే కారు మొరాయించిన ఆ సమయంలోనే చూడాలి, బాగా నడుస్తున్నప్పుడు షెడ్డులో ఎంతసేపు వెతికినా దొరకదు. మీ మెకానిక్‌ని తప్పుపట్టడం లేదు, ఆయన దగ్గరికి కారు వచ్చేసరికే అది బాగైపోయి ఉంటోంది, ఆయన మాత్రం ఏం చూస్తాడు.

పంపు మార్చాక రెండు వారాలు బాగుండటానికి కారణం కొత్త పంపే కానక్కర్లేదు. పంపు మార్చేటప్పుడు కనెక్టర్ ఊడదీసి మళ్లీ గుచ్చుతారు, ఆ రాపిడికి పిన్నుల మీది చిలుము కొంత పోయి కొన్నాళ్లు కరెంటు బాగా పారుతుంది. లేదా ఆ రెండు వారాలు మబ్బు పట్టి ఎండ తగ్గి ఉండొచ్చు. పార్టు మార్చగానే బాగైంది కాబట్టి తప్పు ఆ పార్టుదే అనుకోవడం వల్లే పాత కార్ల వాళ్ల డబ్బు ఎక్కువగా పోతుంది.

ఇంతకీ మీ కారులో పంపుకు కరెంటు ఎలా వెళ్తుందో ముందు చెబుతాను, అది తెలిస్తే మెకానిక్ ఏం చెబుతున్నాడో మీకే అర్థమవుతుంది. పంపు పెట్రోల్ ట్యాంకు లోపలే మునిగి ఉండే చిన్న మోటారు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, అక్కణ్నుంచి ఇగ్నిషన్ స్విచ్, తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), అది దాటాక పొడవాటి వైరు మీద కారు వెనక్కి వెళ్లి పంపుకు చేరుతుంది కరెంటు. పంపు రెండో వైరు బాడీకి ఎర్త్ అవుతుంది. రిలేను ఆన్ చేయమని చెప్పేది ఈసీఎమ్. తాళం ఆన్‌లో పెట్టగానే అది పంపును దాదాపు రెండు సెకన్లు తిప్పి ఆపేస్తుంది, లైన్లో ప్రెషర్ నిండటానికి. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోందని సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తేనే మళ్లీ తిప్పుతుంది. యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగిపోతే పెట్రోల్ చిమ్ముతూ ఉండకూడదని అలా పెట్టారు. కాబట్టి పంపు తిరగడం లేదంటే పంపు పోయిందని కాదు, ఈ దారిలో ఎక్కడ తెగినా తిరగదు.

ఈ దారిలో నాకు అన్నిటికంటే ముందు అనుమానం రిలే మీద. 1990ల నాటి, 2000 చుట్టుపక్కల నాటి హోండాల్లో మెయిన్ రిలే అని ఒక డబ్బా డ్యాష్‌బోర్డ్ లోపల బిగించి ఉంటుంది. దాంట్లో రెండు రిలేలు ఉంటాయి, ఒకటి ఈసీఎమ్‌కు, ఇంజెక్టర్లకు కరెంటు ఇస్తుంది, రెండోది పంపుకు ఇస్తుంది. లోపలి బోర్డు మీద పిన్నుల చుట్టూ వేసిన టంకం ఏళ్ల తరబడి వేడికి వ్యాకోచించి, చల్లబడి సంకోచించి, చివరికి పిన్ను చుట్టూ వెంట్రుక మందాన గుండ్రంగా పగులుతుంది. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డ్ ఎంత కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు, ఖమ్మం, కొత్తగూడెం వైపు ఏప్రిల్, మే నెలల్లో బయటే 44, 45 డిగ్రీలుంటే లోపల ఇంకా చాలా ఎక్కువ. ఆ వేడికి పగులు తెరుచుకుంటుంది, రాత్రికి మూసుకుంటుంది. ఎండలో నిలిపితే స్టార్ట్ కాదు, చీకటి పడితే అవుతుంది అన్న మీ మాట దీనికి అచ్చంగా సరిపోతుంది. ఈ తరం హోండాల మీద పనిచేసేవాళ్లందరికీ, ఏ దేశంలో ఉన్నా, తెలిసిన జబ్బే ఇది.

అయినా నా మాట మీద రిలే కొనేయకండి, ముందు రుజువు చేసుకోండి. ఎందుకంటే ఇదే వేడికి, ఇదే కారులో డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) లోపల స్పార్క్ పుట్టించడానికి ఉండే ఇగ్నైటర్ అనే ఎలక్ట్రానిక్ పార్టు కూడా ఇలాగే మొరాయిస్తుంది, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మధ్యాహ్నం కారును కావాలనే ఎండలో పెట్టండి, ఇంటి దగ్గరే. స్టార్ట్ కాని స్థితి రాగానే కంగారుపడి సెల్ఫ్ కొట్టకుండా, ఏసీ ఫ్యాను, రేడియో ఆపేసి, పక్కన ఇంకొకరిని వెనక సీటు దగ్గర చెవి పెట్టి కూర్చోమని, తాళం ఆన్ వరకే తిప్పండి. వెనక నుంచి రెండు సెకన్లు సన్నగా 'జుయ్' మనాలి, డ్యాష్‌బోర్డ్ లోపల ఒక టిక్, ఆ రెండు సెకన్లు కాగానే మరో టిక్ వినిపించాలి. ఈ చప్పుళ్లు ఎలా ఉంటాయో పొద్దున బాగున్నప్పుడే ఒకసారి విని గుర్తుపెట్టుకోండి, లేకపోతే మధ్యాహ్నం దేన్ని దేనితో పోల్చాలో తెలియదు. మీటర్ బోర్డులో చెక్ ఇంజిన్ లైటు కూడా చూడండి. పొద్దున తాళం తిప్పగానే వెలిగే లైటు మధ్యాహ్నం అసలు వెలగడం లేదంటే ఈసీఎమ్‌కే కరెంటు అందడం లేదు, అంటే రిలే మొదటి సగమో, ఇగ్నిషన్ స్విచ్చో, ఫ్యూజో. లైటు వెలిగి, పంపు మాత్రం మాట్లాడకపోతే రిలే రెండో సగం నుంచి పంపు ఎర్త్ దాకా వెతకాలి. లైటు వెలిగి, పంపు చక్కగా జుయ్‌మని, అయినా ఇంజిన్ అందుకోకపోతే పంపును వదిలేసి స్పార్క్ చూడమనండి, అది ఇగ్నైటర్ దారి. మీకు ఇప్పటిదాకా నిలిపాక స్టార్ట్ కాకపోవడమే గానీ నడుస్తూ ఆగలేదనుకుంటాను. నడుస్తూ ఎప్పుడైనా ఆగితే, కారు ఇంకా గేరులో దొర్లుతుండగానే ఆర్‌పీఎమ్ ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయిందా అన్నది గమనించండి, అలా పడితే కూడా అనుమానం ఇగ్నిషన్ వైపే. పెట్రోల్ అందకపోతే సాధారణంగా కొంచెం జెర్కులిచ్చి, పికప్ చచ్చి ఆగుతుంది.

ఇది చూసే సమయం మీకు దొరకడం లేదనుకోండి, దారిలోనే జరుగుతోంది అనుకోండి, అప్పుడు చవకైన ఉపాయం ఒకటి ఉంది. పంపు పాజిటివ్ వైరు నుంచి సన్న వైరు ఒకటి తీసి, మొదట్లోనే ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టి, డ్యాష్‌బోర్డ్ మీదికి తెచ్చి 5 వాట్ల పార్కింగ్ లైటు బల్బు ఒకటి కట్టించండి, రెండో కొస బాడీ ఎర్త్‌కు. ఎల్‌ఈడీ వద్దు, అది కాస్త కరెంటుకే పూర్తిగా వెలిగి మోసం చేస్తుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆ బల్బు వెలుగుతుంది. కారు మొరాయించిన క్షణాన తాళం ఆన్‌లో పెట్టి చూస్తే, బల్బు వెలగకపోతే కరెంటు పంపు దాకా రావడం లేదు, తప్పు ముందు భాగంలో. రెండు సెకన్లు బాగా వెలిగి, పంపు చప్పుడు లేకపోతే పంపు గానీ దాని ఎర్త్ గానీ. మసక మసకగా వెలిగితే దారిలో ఏదో జాయింటు కరెంటును తినేస్తోంది. రోడ్డు పక్కన నిలబడి ఎవరికీ ఫోన్ చేయకుండా మీరే చెప్పేయగలరు.

మసక వెలుగు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడే తప్పుదారి పడతారు. పంపు కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్ పెట్టి, '12 వోల్టులు వస్తోంది సార్, వైరింగ్ ఓకే, పంపే పోయింది' అంటారు. మల్టీమీటర్ దాదాపు కరెంటే తీసుకోదు, ఒక్క పోగు మిగిలిన వైరు మీద కూడా 12 చూపిస్తుంది. అదే వైరు మీద పంపు నాలుగైదు ఆంపియర్లు లాగితే 12 కాస్తా 8 అయిపోతుంది. ఊళ్లో లో వోల్టేజీ ఉన్నప్పుడు బోరు మోటారు గుర్రుమంటుందే గానీ నీళ్లు ఎక్కించదు చూడండి, ఈ పంపుదీ అదే స్థితి, చప్పుడు వస్తుంది, ప్రెషర్ రాదు. అందుకే కొలిచేటప్పుడు కనెక్టర్ గుచ్చే ఉండాలి, ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తూ ఉండాలి, వైరు వెనక వైపు నుంచి సన్న పిన్నుతో అందుకోవాలి. మీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ మీద, రెండో కొస పంపు పాజిటివ్ మీద పెడితే అర వోల్టు లోపు చూపించాలి. అంతకంటే బాగా ఎక్కువుంటే ఆ వోల్టులన్నీ దారిలో కాలిపోతున్నాయని అర్థం. అలాగే పంపు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ నెగటివ్‌కు కొలిస్తే 0.2 దాటకూడదు. ఎర్త్‌ను ఎవరూ పట్టించుకోరు, అదే చాలా పాత కార్లను ఆపేస్తుంది. బాడీకి బిగించిన ఆ ఒక్క బోల్టు కింద తుప్పు పడితే పంపు ఎన్నిసార్లు మార్చినా ఒకటే. బోల్టు విప్పి, లగ్గును, కింద రేకును ఇసుక కాగితంతో మెరిసేలా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాయించండి.

మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్న మాట ఆ అలారం. పనిచేయని అలారం అంటే దాన్ని తీసేసినట్టు కాదు. యాక్సెసరీ షాపుల్లో ఆ రోజుల్లో రిమోట్ అలారం పెట్టేటప్పుడు, దొంగ స్టార్ట్ చేయకుండా, ఇగ్నిషన్ వైరునో పంపు వైరునో మధ్యలో కోసి, ఒక చవక రిలే కలిపేవారు. ఆ జాయింట్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టినవే, టంకం కూడా ఉండదు, ఎండకు టేపు జిగురు కారిపోయి ఊడిపోయి ఉంటుంది. ఆ రిలే ఈ రోజుకీ మీ పంపు దారిలో కూర్చుని ఉండొచ్చు. స్టీరింగ్ కింద ప్యానెల్ విప్పించి ఆ డబ్బా వైర్లను ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి వెళ్లి, కంపెనీ వైరింగ్‌ను ఎక్కడ కోశారో అక్కడ మళ్లీ టంకంతో కలిపించి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. నన్నడిగితే రిలే చూడటానికి ప్యానెల్ ఎలాగూ విప్పుతారు కాబట్టి రెండు పనులూ ఒకే పూటలో అయిపోతాయి. ఎప్పుడైనా ఎల్‌పీజీ కిట్ పెట్టి తీసిన కారు అయితే కూడా ఇదే కథ, చేంజోవర్ స్విచ్ కోసం కోసిన వైర్లు అలాగే వదిలేసి ఉంటారు.

రిలే దగ్గరికి వద్దాం. డబ్బా తీశాక పైన ప్లాస్టిక్ మూతను జాగ్రత్తగా లాగితే బోర్డు కనిపిస్తుంది. భూతద్దం పెట్టి పిన్నుల చుట్టూ చూడండి, టంకంలో సన్నటి నల్ల వలయం కనిపిస్తే దొంగ దొరికినట్టే. పాత టంకం పీల్చేసి కొత్తది వేయడం టీవీ, యాంప్లిఫైయర్ రిపేరు చేసే ఎవరికైనా కాసేపటి పని. పాతదాని మీదే వేడి చేసి వదిలేయొద్దని చెప్పండి, ఈసారి వేసవికి మళ్లీ పగులుతుంది. కొన్ని రిలేల్లో కాంటాక్టులే కాలి నల్లబడి ఉంటాయి, వాటికి టంకం పనికిరాదు, కొత్త రిలే వేయాల్సిందే. కొత్తది దొరికినా పాతదాన్ని టంకం వేయించి డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టుకోండి. మామూలు రిలేల మీద ఉన్నట్టు 30, 87 అనే పిన్ను అంకెలు చూసి, రిలేను దాటేసి పంపు తిప్పడానికి అడ్డంగా వైరు కలిపే పద్ధతి ఈ డబ్బాకు వర్తించదు, దీని పిన్నుల లెక్క వేరు. గుడ్డిగా కలిపితే అప్పుడు నిజంగానే ఈసీఎమ్ పోతుంది.

రిలే బాగుంది, ఎర్త్ బాగుంది, అలారం తీసేశారు, అయినా మిగిలి ఉందంటే ఇగ్నిషన్ స్విచ్. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా తాళాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి, ఇంజిన్ తడబడినా, మీటర్ లైట్లు మిణుకుమన్నా లోపలి కాంటాక్టులు అరిగాయి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు అన్నీ కలిపి పెద్ద గుత్తి వేలాడదీసే అలవాటుంటే ఇవాళే మానేయండి.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. మీ కారు వేడికి కాకుండా గతుకుల్లో పడ్డాక ఆగి, అది పాత ఫోర్డు అయితే, ముందు కాళ్ల దగ్గరి ప్యానెల్ పక్కన ఇనర్షియా స్విచ్ (గట్టిగా గుద్దుకుంటే పంపును ఆపేసే బటన్) పైకి లేచి ఉందేమో చూడండి, నొక్కితే సరిపోతుంది, నొక్కేముందు పెట్రోల్ కారడం లేదని మాత్రం నిర్ధారించుకోండి. ట్యాంకు అడుగున చేత్తో గట్టిగా తడితే స్టార్టయ్యే కారుకు మాత్రం పంపు బ్రష్‌లు అరిగినట్టే, అక్కడ పంపు మార్చడమే సరైన పని. ఎప్పుడూ రిజర్వ్‌లో నడిపేవాళ్లకు ఇది తొందరగా వస్తుంది, పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే.

కొన్ని పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఫ్యూజు పదేపదే పోతోందని పెద్ద ఆంపియర్‌ది వేయడం, సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టడం, ఇవి వైరింగ్‌ను కాల్చే పనులు, అది కూడా పెట్రోల్ ట్యాంకు దాకా వెళ్లే వైరును. పంపు మూత విప్పే అవసరం వస్తే మూసిన షెడ్డులో వద్దు, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, దగ్గర్లో బీడీ, దోమల చుట్ట లాంటివి ఉండకూడదు. మూతకు కొత్త రబ్బరు రింగు వేయమని అడగండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, ఇరవై ఏళ్లు దాటిన రబ్బరుకు అది పడదు, గట్టిపడిన పైపులు ఉంటే అవీ మార్పించండి.

అమ్మగారి ప్రయాణం గురించి. ఇది తేలేదాకా తెల్లవారుజామునే బయల్దేరి, మధ్యాహ్నం ఆస్పత్రి దగ్గర నీడలోనో సెల్లార్‌లోనో నిలిపి, ఎండ తగ్గాకే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. దారిలో స్టార్ట్ కాకపోతే నాలుగు తలుపులూ తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చి, పంపు చప్పుడు వినిపించేదాకా తాళం ఆన్, ఆఫ్ చేస్తూ ఉండండి, వినిపించాకే సెల్ఫ్ కొట్టండి, బ్యాటరీ మిగులుతుంది. నడుస్తూ ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకు తీయండి. స్టీరింగ్ బిగుసుకుపోయినట్టు బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండు నొక్కులే మెత్తగా పడుతుంది, తర్వాత బలంగా తొక్కాలి, కాబట్టి కొద్దికొద్దిగా పదేపదే తొక్కకుండా ఒక్కసారి నొక్కి పట్టండి.

చివరగా, మార్చేసిన పాత పంపును మెకానిక్ పారేయకపోయి ఉంటే వెనక్కి అడిగి తెచ్చుకోండి. నా అంచనా నిజమైతే అది చెడిపోలేదు, పైగా అది కారుతో వచ్చిన ఒరిజినల్ అయితే ఇప్పుడు వేసిన దానికంటే గట్టిది కావొచ్చు. మల్టీమీటర్‌తో దాని రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి, చాలా తక్కువగా, కొద్ది ఓమ్స్ చూపిస్తే వైండింగ్ తెగలేదన్నమాట. బాగుందో లేదో చూద్దామని బ్యాటరీ వైర్లు నేరుగా తగిలించి తిప్పొద్దు, దాని లోపల ఇంకా పెట్రోల్ ఆవిరి ఉంటుంది, వైరు తగిలిన చోట నిప్పురవ్వ రాలుతుంది.